సాయంత్రం 4:18కి ఇంట్లో ఎవరుంటారు?

ఫ్రీమాంట్‌లో మా ఇంట్లో ఒక సాయంత్రం చిన్న కుదుపు వచ్చింది. నేనింకా ఆఫీసు నుంచి రాలేదు. పొయ్యి మీద కుక్కర్ ఉంది. నాలుగేళ్ళ మా అబ్బాయి హాల్లో రైలు బొమ్మలు పేర్చుకుంటున్నాడు. కిటికీ అద్దాలు గలగలమన్నాయి, ఎవరో భుజంతో గోడను నెట్టినట్టు ఇల్లు ఒక్క ఊపు ఊగింది. అమ్మ వాణ్ణి చంకనేసుకుని, కాళ్ళకు చెప్పులైనా లేకుండా వీధి మధ్యకు పరిగెత్తింది. అయిదారు సెకన్లలో అంతా సద్దుమణిగింది. కానీ ఆమె వెనక తలుపు మూసుకుని లాక్ పడిపోయింది. ఫోన్ లోపలే ఉంది. కుక్కర్ లోపల కూతలు వేస్తూనే ఉంది. నేను వచ్చేసరికి ఇద్దరూ పక్కింటావిడ ఇచ్చిన దుప్పటి కప్పుకుని గరాజ్ ముందు కూర్చుని ఉన్నారు. కుక్కర్లో పప్పు బొగ్గయిపోయింది. అంతకుమించి ఏమీ కాలేదు.

"అట్లా పరిగెత్తావేంటమ్మా?" అన్నాను.

"మరేం చెయ్యాలిరా? ఇల్లు ఊగితే బయటికి ఉరకాలి. మా చిన్నప్పుడు భద్రాచలం భూకంపంలో మా నాన్న అందర్నీ ఈడ్చుకొచ్చి చింతచెట్టు కింద కూర్చోబెట్టాడు."

ఆమె చెప్పింది 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం గురించి. అప్పుడామెకు పదేళ్ళు. మట్టిగోడల పెంకుటింట్లోంచి బయటికి లాక్కొచ్చిన మా తాత సరైన పనే చేశాడు. యాభై ఏళ్ళకు పైగా ఆమె ఒంట్లో దాగి ఉన్న ఆ జ్ఞాపకం ఆ సాయంత్రం మా వీధిలో పని చేసింది. తప్పు ఆమెది కాదు. మా గరాజ్‌లో అత్యవసర సంచీ ఉంది. గ్యాస్ ఆపే రెంచీ ఉంది. నా ఫోన్లో హెచ్చరిక యాప్ ఉంది. ఈ మూడూ ఉన్నాయని నాకు తెలుసు, నా భార్యకు తెలుసు. రోజంతా ఇంట్లో ఉండే అమ్మకు మాత్రం ఒక్కటీ తెలియదు.

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క లోపం గురించే. బే ఏరియాలో మన తెలుగు కుటుంబాలకు భూకంపం గురించి తెలియక కాదు. మనం సిద్ధం చేసుకున్నదంతా ఇంట్లో లేని మనుషుల చేతుల్లో ఉంది. పగటిపూట ఇంట్లో ఉండేది ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలు, లేదా అత్తమామలు, వాళ్ళ ఒళ్ళో మన పిల్లలు.

ముందు కాళ్ళ కింద ఏముందో చూద్దాం

హేవర్డ్ ఫాల్ట్‌ను చూడటానికి ప్రయోగశాలకు వెళ్ళక్కర్లేదు. పాఠ్యపుస్తకాల్లో భ్రంశం అని రాసే ఈ పగులు ఉత్తరాన శాన్ పాబ్లో బే నుంచి బర్క్‌లీ, ఓక్లాండ్, శాన్ లియాండ్రో, హేవర్డ్ ఊళ్ళ కిందుగా ఫ్రీమాంట్ దాకా వస్తుంది. హేవర్డ్ పాత వీధుల్లో నడుస్తూ ఫుట్‌పాత్ అంచున ఉండే సిమెంటు గట్టు మీద చూపు నిలపండి. తిన్నగా వస్తున్న గట్టు ఒకచోట విరిగి, జానెడో బెత్తెడో పక్కకు జరిగి, మళ్ళీ తిన్నగా సాగుతుంది. ఏ లారీయో గుద్దిందనుకుంటాం. ఎదుటి గట్టు చూస్తే అదీ అటే జరిగి ఉంటుంది. రెండింటినీ కలుపుతూ తారు మీద మెలికలు తిరిగిన సన్నటి బీటలుంటాయి. ఈ ఫాల్ట్ ఏడాదికి దాదాపు 5 మిల్లీమీటర్ల చొప్పున సద్దు లేకుండా పాకుతూనే ఉంటుంది. 1930ల్లో దాని మీదే కట్టిన హేవర్డ్ పాత సిటీ హాలు ఆ పాకుడుకే బీటలు వారి మూతపడింది. బర్క్‌లీ విశ్వవిద్యాలయం 1923లో కట్టిన మెమోరియల్ స్టేడియాన్ని ఫాల్ట్ నిలువునా దాటుతుంది. 2012లో తిరిగి తెరిచేముందు, నేల కదిలినప్పుడు గ్యాలరీలో కొంత భాగం విడిగా జారేట్టు మళ్ళీ కట్టారు.

ఇలా పాకుతూ ఒత్తిడి తీర్చేసుకుంటోంది కదా అని కొందరు ధీమాగా అంటారు. ఆ లెక్క సరిపోదు. రెండు పక్కల నేలా దీర్ఘకాలంలో జరగాల్సింది ఏడాదికి సుమారు 9 మిల్లీమీటర్లు. పైన పాకుతున్నది అందులో సగం. లోతున రాయి రాయిని పట్టుకుని ఉన్నచోట మిగతాది బాకీగా పేరుకుంటూ వస్తుంది. ఆ బాకీ కిందటిసారి తీరింది 1868 అక్టోబర్ 21 ఉదయం. తీవ్రత దాదాపు 6.8, చనిపోయినవాళ్ళు 30 మంది వరకు. శాన్ లియాండ్రోలో కౌంటీ కోర్టు భవనం కూలింది. మంచి బడులున్నాయని మనవాళ్ళు వెతుక్కుని ఇళ్ళు కొనే మిషన్ శాన్ హోసే పేటలో, పేటకు ఆ పేరు తెచ్చిన పాత మట్టి ఇటుకల చర్చి కూడా ఆ రోజే పడిపోయింది. 1906 వచ్చి మరిపించేదాకా శాన్ ఫ్రాన్సిస్కో జనం "పెద్ద భూకంపం" అంటే దీన్నే చెప్పుకునేవారు.

అంతకుముందు కథ ఫ్రీమాంట్ బార్ట్ స్టేషన్ పక్కనే ఉంది. టైసన్స్ లగూన్ అనే ఆ చిత్తడి గుంటలో శాస్త్రవేత్తలు కందకాలు తవ్వి, పొరలు పొరలుగా పేరుకున్న ఒండ్రులో తెగిన గీతలు చదివారు. సుమారు 1,900 ఏళ్ళలో 12 పెద్ద భూకంపాల ఆనవాళ్ళు దొరికాయి. చివరి అయిదు సుమారుగా 1315, 1470, 1630, 1725 ప్రాంతాల్లో, ఆ తర్వాత 1868లో. సగటు ఎడం 140 ఏళ్ళు. 1868కి 140 కలిపితే 2008. అది దాటిపోయి చాలా ఏళ్ళయింది. అయితే సగటు అనేది రైల్వే టైంటేబుల్ కాదు. ఒకసారి 95 ఏళ్ళకే వచ్చింది, ఒకసారి 160 ఏళ్ళు పట్టింది. రేపే వస్తుందని ఎవరైనా తేదీ చెబితే నమ్మకండి. 2014 నుంచి 2043 లోపు ఈ ఫాల్ట్ మీద, ఉత్తరాన దీనికి కలిసే రాడ్జర్స్ క్రీక్ ఫాల్ట్‌తో కలిపి, 6.7 లేదా అంతకు మించిన భూకంపం రావడానికి నూటికి 33 పాళ్ళు అవకాశం ఉందన్నది అమెరికా భూగర్భ సర్వే, దానితో కలిసి పనిచేసినవాళ్ళు వేసిన లెక్క. బే ఏరియాలోని ఫాల్ట్‌లన్నీ కలిపితే 72 పాళ్ళు.

ఒక ఊహాగానం, ఒక బుధవారం

2018లో అదే సర్వే సంస్థ హేవైర్డ్ అనే అధ్యయనం విడుదల చేసింది. 2018 ఏప్రిల్ 18 బుధవారం సాయంత్రం 4:18కి ఓక్లాండ్ కింద 7.0 తీవ్రతతో హేవర్డ్ ఫాల్ట్ తెగితే ఏమవుతుందో లెక్క కట్టింది. సుమారు 800 మంది చనిపోతారు, 18,000 మంది గాయపడతారు. 400కు పైగా పెద్ద మంటలు రేగుతాయి. 22,000 మందికి పైగా లిఫ్టుల్లో చిక్కుకుంటారు. ఈస్ట్ బేలో కొన్నిచోట్ల కుళాయి నీళ్ళు తిరిగి రావడానికి ఆరు వారాలు, కొందరికి ఆరు నెలలు పడుతుంది.

నేను మాటిమాటికీ తలుచుకునేది ఈ సంఖ్యల్ని కాదు, ఆ సమయాన్ని. బుధవారం సాయంత్రం 4:18. ఒక కాగితం తీసుకుని రాయండి: ఆ సమయానికి మీ ఇంట్లో ఎవరెక్కడ ఉంటారు? నేను రాస్తే ఇలా వచ్చింది. నేను సన్నీవేల్‌లో మూడో అంతస్తులో. నా భార్య బార్ట్ రైల్లో, బహుశా సొరంగంలో. పెద్దమ్మాయి బడి తర్వాత ఉంచే క్లాసులో. చిన్నవాడు, అమ్మ ఇంట్లో. మా ఇద్దరికీ ఇంటికి మధ్య ఉన్నవి వంతెనలు, ఫ్లైఓవర్లు, పట్టాలు. 1989లో లోమా ప్రియెటా భూకంప కేంద్రం ఓక్లాండ్‌కు దాదాపు 60 మైళ్ళ దూరాన ఉంది. అయినా ఓక్లాండ్‌లో రెండంతస్తుల సైప్రస్ ఫ్రీవే ఒకదాని మీద ఒకటి పడి 42 మంది చనిపోయారు. మొత్తం మృతులు 63 మంది. హేవర్డ్ ఫాల్ట్ 60 మైళ్ళ దూరాన లేదు, ఊళ్ళ కిందే ఉంది. ఆ రాత్రి మేమిద్దరం ఇల్లు చేరకపోవచ్చు. మర్నాడూ చేరకపోవచ్చు. అంటే ఆ రాత్రికి ఇంటి పెద్ద మా అమ్మ. ఇంగ్లీషులో నాలుగు మాటలు, మోకాళ్ళ నొప్పులు, షుగరు మాత్రలు, పక్కన నాలుగేళ్ళ పిల్లాడు.

మీ కాగితం మీద వచ్చిన పేరు ఎవరిదో, ఇక్కడి నుంచి చదివేదంతా వాళ్ళతో కలిసి చదవండి. వాళ్ళకు చదివి వినిపించండి.

ఉరకొద్దు అని ఊరికే చెబితే సరిపోదు

అరవై అయిదేళ్ళ మనిషికి "బయటికి పోవద్దు" అని ఆజ్ఞ వేస్తే "సరేలే" అంటుంది. నేల ఊగిన క్షణంలో ఒంటికి గుర్తొచ్చేది ఆజ్ఞ కాదు, అలవాటు. కాబట్టి ముందు కారణం చెప్పాలి. అమ్మకు నేనిలా చెప్పాను: "మన ఊళ్ళో తాత ఇల్లు మట్టిది, పైన పెంకులు, దూలాలు. ఊగితే ఆ బరువంతా మీద పడుతుంది. 1993లో లాతూర్‌లో రాతి గోడల ఇళ్ళు నిద్రలో ఉన్నవాళ్ళ మీద పడి వేలమందిని అట్లాగే చంపాయి. ఇక్కడి ఇల్లు చెక్క చట్రం. ఊగుతుంది, కిర్రుమంటుంది, బీటలిస్తుంది, కానీ అంత తేలిగ్గా మీద పడదు. దెబ్బ తగిలేది గడప దగ్గర. కిటికీ అద్దాలు, చిమ్నీ ఇటుకలు, కరెంటు తీగలు అన్నీ గోడ పక్కనే రాలతాయి."

అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే ఇక్కడ చింతచెట్టు బల్ల కిందుందన్నమాట" అంది. ఆ మాట నేను వంద సార్లు చెప్పినా రాని మాట. అప్పటి నుంచి మా ఇంట్లో డైనింగ్ టేబుల్ పేరు చింతచెట్టు. మా వాడూ దాన్ని అలాగే పిలుస్తాడు.

చేయాల్సింది మూడు పనులు: కిందికి వంగు, దూరు, పట్టుకో. మోకాళ్ళ మీద వాలి, గట్టి బల్ల కింద దూరి, ఒక చేత్తో మెడను కాచుకుంటూ రెండో చేత్తో బల్ల కాలు పట్టుకోవాలి. బల్ల జరిగితే దానితో పాటు జరగాలి. అమ్మ మోకాళ్ళు వంగవు. అలాంటివాళ్ళు కుర్చీలోనో మంచం అంచునో కూర్చుని ముందుకు వంగి, రెండు చేతులూ తల వెనక మెడ మీద వేసుకుంటే చాలు. మంచంలో ఉంటే దిగకుండా బోర్లా తిరిగి తలగడ తల మీద వేసుకోవాలి. చీకట్లో దిగితే పగిలిన గాజు మీదే కాలు పడుతుంది. వాకర్‌తో నడిచేవాళ్ళు చక్రాలు ఆపి దాని మీదే కూర్చుని వంగాలి. గుమ్మంలో నిలబడమని చెప్పే పాత సలహా మట్టి ఇళ్ళ కాలంది. ఇప్పటి ఇళ్ళలో గుమ్మం మిగతా గోడకన్నా గట్టిదేమీ కాదు, తలుపు ఊగి వేళ్ళు నలుగుతాయి.

పొయ్యి సంగతి అమ్మే అడిగింది. చెయ్యి అందేంత దగ్గర ఉంటే తిప్పేసి పొయ్యికి దూరంగా జరగాలి. అందకపోతే వదిలేయాలి. మసిలే నూనె, కుక్కర్ ఉన్నచోట నేల ఊగే ఆ 20, 30 సెకన్లు నిలబడకూడదు.

ఇది నోటితో చెబితే పదిరోజుల్లో మరిచిపోతారు. ఒకసారి చేసి చూడాలి. మేం ఆదివారం మధ్యాహ్నం నేను "భూకంపం!" అని అరవగానే ఎవరికి వారు దూరేట్టు ఆడాం. మొదటిసారి అమ్మకు తొమ్మిది సెకన్లు పట్టింది. కారణం చీర కుచ్చిళ్ళు కాదు, దారికి అడ్డంగా ఉన్న కుర్చీ. కుర్చీ తీసి గోడకు వేస్తే నాలుగు సెకన్లు. ఆడి చూడకపోతే ఆ కుర్చీ ఎప్పటికీ అక్కడే ఉండేది.

ఆ నాలుగు సెకన్లు ముందే దొరికే అవకాశం కూడా ఉంది. బర్క్‌లీ విశ్వవిద్యాలయం తయారుచేసిన మైషేక్ యాప్ 2019 అక్టోబర్ నుంచి కాలిఫోర్నియా అంతటా పనిచేస్తోంది. భూకంపంలో తొలి తరంగం తేలికపాటిది, వేగంగా వస్తుంది. విరిచేసే తరంగం దాని వెనక వస్తుంది. తొలి తరంగాన్ని పసిగట్టి ఫోన్ అరుస్తుంది. కేంద్రం మీ వీధి కిందే ఉంటే ముందు హెచ్చరిక రాదు. ఉత్తరాన మొదలై మీవైపు తెగుతూ వస్తే కొన్ని సెకన్లు దొరుకుతాయి. మన ఫోన్లో ఉన్నంతమాత్రాన ఇంట్లో ఉన్నవాళ్ళకు ఉపయోగం లేదు. అమ్మ ఫోన్లో వేయండి, ఆ చప్పుడు ఎలా ఉంటుందో వినిపించండి.

వంటింట్లో ఒక గంట

మన ఇళ్ళకు మాత్రమే వర్తించే సంగతి ఇది. ఏ ప్రభుత్వ కరపత్రంలోనూ కనపడదు. మన వంటిల్లు బరువైంది, ఎత్తైంది. అలమర పైన ఊరి నుంచి తెచ్చిన ఇత్తడి బిందె, దాని పక్కన ఆవకాయ జాడీలు, పై అరలో కందిపప్పు, మినప్పప్పు నింపిన స్టీలు డబ్బాలు, కౌంటర్ అంచున రాళ్ళు తిరిగే వెట్ గ్రైండర్. తలుపు తెరుచుకుంటే ఇవన్నీ పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి నెత్తిన పడతాయి.

ఒక శనివారం నేనూ అమ్మా గంట సేపు ఇదే పని పెట్టుకున్నాం. బరువన్నది నడుము కన్నా కిందికి దించాం. అలమర తలుపులకు పిల్లలు తీయకుండా వేసే గొళ్ళాలు వేశాం, ఊపుకు తెరుచుకోవు. జాడీలు నేల అరలోకి పోయాయి. టీవీకి, పుస్తకాల బీరువాకు పట్టీలు వేసి గోడ లోపలి చెక్క స్తంభానికి బిగించాం. పై పలకకే బిగిస్తే ఊడొస్తుంది. మంచాల కింద ఒక్కో జత బూట్లు, టార్చి లైటు పెట్టి సంచీలో మూతి కట్టాం. కట్టకపోతే గాజు ముక్కలు బూట్లలోనే పడతాయి.

దేవుడి అర దగ్గర ఆగిపోయాం. కంచు వెంకటేశ్వరుడు, ఇత్తడి దీపపు సెమ్మెలు, గాజు పటాలు, అన్నీ అమ్మ తల ఎత్తున. మ్యూజియంలలో బొమ్మలు కదలకుండా పెట్టే మైనం లాంటి జిగురు ఉంటుంది, తీస్తే మరక పడదు. అది చూపిస్తే అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. నేను బలవంతపెట్టలేదు. మర్నాడు ఉదయం స్నానం చేసి వచ్చి విగ్రహాల కింద తనే చిన్న చిన్న ఉండలు చేసి అంటించింది. పటాల్లో గాజు తీయించి ప్లాస్టిక్ పలకలు వేయించమంది. వెలిగే దీపాన్ని మాత్రం పైన ఉంచనని, ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి కింద పీట మీదకు మార్చింది. పెద్దవాళ్ళకు కారణం చెప్పి వదిలేస్తే వాళ్ళే మనకన్నా ముందు నడుస్తారు.

దీపం మాట వచ్చింది కాబట్టి ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కరెంటు పోతే మన చెయ్యి అగ్గిపెట్టె కోసం పోతుంది. భూకంపం తర్వాత అగ్గిపుల్ల గీయకూడదు, కొవ్వొత్తి, దీపం ఏదీ వెలిగించకూడదు, లైటు స్విచ్చి కూడా వేయకూడదు. గ్యాస్ గొట్టం ఎక్కడ విరిగిందో తెలియదు. 1906లో శాన్ ఫ్రాన్సిస్కోను కుదుపుకన్నా ఎక్కువగా నాశనం చేసినవి తర్వాత రేగిన మంటలు. మా ఇంట్లో అగ్గిపెట్టె ఉండే డ్రాయర్‌లో ఇప్పుడు టార్చి లైటే ఉంది. అలవాటుగా చెయ్యి అక్కడికే పోయినా దొరికేది అదే.

గ్యాస్ మీటరు దగ్గర కవాటాన్ని పావు చుట్టు తిప్పి, పట్టీ గొట్టానికి అడ్డంగా వచ్చేట్టు చేస్తే గ్యాస్ ఆగుతుంది. రెంచీని మీటరుకే తాడుతో కట్టండి. కానీ కుళ్ళిన గుడ్డు వాసన వస్తేనో, బుస్సుమని చప్పుడు వినిపిస్తేనో మాత్రమే ఆపాలి. ఒకసారి ఆపితే సంస్థవాళ్ళే వచ్చి తిరిగి తెరవాలి, అందుకు వారాలు పట్టొచ్చు. అమ్మ చేతులకు ఆ బిగువు కుదరలేదు. పక్కింటివాళ్ళను పిలిచి చూపించాం, వాళ్ళ మీటరు మాకు చూపించారు. రోజూ చెయ్యూపి పలకరించుకోవడమే తప్ప పదేళ్ళలో మేం ఒకరింటికి ఒకరం వెళ్ళింది అదే మొదటిసారి.

నీళ్ళు, అటుకులు, ఒక కాగితం

మనిషికి రోజుకు ఒక గ్యాలన్ నీళ్ళు. మూడు రోజులకు తప్పనిసరి, రెండు వారాలకు ఉంటే మంచిది. అయిదుగురికి రెండు వారాలంటే 70 గ్యాలన్లు. గరాజ్‌లో వేడినీళ్ళ ట్యాంకు ఉన్నవాళ్ళకు అందులోనే 40, 50 గ్యాలన్లు ఉంటాయి. అది పడిపోకుండా గోడకు పట్టీలు వేసి ఉండటం కాలిఫోర్నియాలో చట్టమే, మీదానికి ఉన్నాయో లేదో చూడండి. తిండి విషయంలో బియ్యం బస్తా చూసి ధైర్యపడకండి. వండటానికి నీళ్ళూ మంటా రెండూ కావాలి. అటుకులు, మరమరాలు, వేయించిన వేరుశనగలు, బెల్లం, ఖర్జూరం, పాలపొడి పెట్టండి. అటుకుల మీద నీళ్ళు చిలకరించి బెల్లం కలిపితే పిల్లాడు తింటాడు, షుగరు ఉన్నవాళ్ళు బెల్లం లేకుండా తింటారు.

అమ్మానాన్నలు ఊరి నుంచి ఆరు నెలల మందులు తెచ్చుకుంటారు. అవి సూట్‌కేసులో, వంటింట్లో, మంచం పక్కన మూడు చోట్ల ఉంటాయి. అన్నీ ఒక్క సంచీలో పెట్టి, మందు పేరు ఇంగ్లీషులో రాసి, పాస్‌పోర్ట్ నకలు, ప్రయాణ బీమా కాగితం, కళ్ళజోడు, కొంత నగదు అందులోనే ఉంచండి. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి. ఎడమవైపు తెలుగులో, కుడివైపు ఇంగ్లీషులో ఇంటి చిరునామా, మన నంబర్లు, పక్కింటివాళ్ళ పేరు, ఏ మందు పడదో రాయండి. ప్రాణం మీదకు వస్తేనే 911కి ఫోన్ చేయాలి. చేసి "తెలుగు" అని ఒక్క మాట అన్నా దుబాసీని కలిపే ఏర్పాటు ఉంటుంది. ఆ మాట అమ్మచేత పలికించి చూడండి.

తెలుగు టీవీల్లో వార్త రాగానే ఊళ్ళో ఉన్న అందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు. లైన్లు అప్పటికే కిక్కిరిసి ఉంటాయి. మాట్లాడటానికి చాలని లైన్ మీద మెసేజ్ పోతుంది. కాబట్టి దూరాన ఉన్న ఒకరిని ముందే నిర్ణయించుకోండి. మాకు డాలస్‌లో ఉన్న చిన్నాన్న. ఎవరెక్కడున్నా ఆయనకే "క్షేమం, ఫలానా చోట ఉన్నాను" అని మెసేజ్ పెడతాం, ఊళ్ళోవాళ్ళకు ఆయన చెబుతారు.

బడి విషయంలో చాలామంది పొరపాటు చేస్తారు. అత్యవసర కార్డులో పేరున్నవాళ్ళకు, గుర్తింపు పత్రం చూసి మాత్రమే పిల్లల్ని అప్పగిస్తారు. నానమ్మ నడిచి వెళ్ళినా పేరు లేకపోతే పంపరు, పంపకూడదు కూడా. ఈ వారమే బడికి వెళ్ళి అమ్మ పేరు, ఒక స్నేహితుల కుటుంబం పేరు రాయించండి.

ఇల్లు కొనబోయేవాళ్ళకు, అద్దెకుండేవాళ్ళకు

వాస్తు చూసుకోండి, అది మీ నమ్మకం. తూర్పు వాకిలి ఎంత శ్రద్ధగా చూస్తారో, అమ్మేవాళ్ళు ఇచ్చే ప్రకృతి ప్రమాదాల పత్రాన్ని కూడా అంత శ్రద్ధగా చదవండి. 1971 శాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత 1972లో వచ్చిన ఆల్క్విస్ట్ ప్రియోలో చట్టం ప్రకారం చురుకైన ఫాల్ట్ గీత మీద కొత్త ఇల్లు కట్టనివ్వరు. అంతకుముందు కట్టినవి మాత్రం అక్కడే ఉన్నాయి. ఇల్లు ఆ మండలంలో ఉందా, నేల నీళ్ళలా జారే మండలంలో ఉందా అన్నది ఆ పత్రంలో ఉంటుంది. బే ఒడ్డున పూడ్చిన నేల కుదుపుకు మెత్తబడి బరువు మోయలేని బురదలా మారుతుంది.

కింద కార్లు పెట్టి పైన ఫ్లాట్లు కట్టిన పాత అపార్ట్‌మెంట్లయితే జాగ్రత్త. కింద గోడలుండవు, సన్నటి స్తంభాల మీద పైదంతా నిలబడుతుంది. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో అలాంటి ఒక్క అపార్ట్‌మెంట్‌లోనే 16 మంది చనిపోయారు. ఓక్లాండ్, బర్క్‌లీ ఇలాంటివాటిని బలపరచాలని చట్టాలు చేశాయి. మీది బలపరిచారా అని ఓనర్‌ను అడగండి, అడిగే హక్కు మీకుంది. ఇంటి బీమాలో భూకంపం కలవదు, విడిగా తీసుకోవాలి. ఇంటి విలువలో నూటికి 5 నుంచి 25 వరకు మొదటి నష్టం మీరే భరించాలి. ఆ లెక్క వేసుకునే నిర్ణయించుకోండి. ఇంకొక్క మాట. భవన నిబంధనల లక్ష్యం మనిషి ప్రాణంతో బయటపడటం, తర్వాత ఆ ఇంట్లోనే కాపురం ఉండటం కాదు. కొత్త ఇల్లు కదా అని పైవన్నీ మానుకోకండి.

అమ్మ మళ్ళీ ఖమ్మం వెళ్ళిపోయింది. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో నేల కదిలినప్పుడు మా ఊరి దాకా, హైదరాబాద్ దాకా ఊగింది. మాకప్పుడు మంగళవారం సాయంత్రం. ఫోన్ చేసి ముందు క్షేమం చెప్పింది, తర్వాత అడిగింది: "ఒరేయ్, మన ఇల్లు ఏ ఇల్లు? పరిగెత్తే ఇల్లా, దూరే ఇల్లా?"

ముందు భాగం స్తంభాలేసి కట్టిన స్లాబు, వెనక వంటిల్లు ఇంకా తాత నాటి పెంకులే. ముందు గదుల్లో ఉంటే మంచం పక్కనో బల్ల కిందో తల కాచుకోమన్నాను. వంటింట్లో ఉంటే దొడ్డి తలుపు రెండంగల్లోనే ఉంది, దొడ్లోకి వచ్చేయమన్నాను.

"సరే, దొడ్డి తలుపు ముందు కట్టెలు పెట్టారు, తీయిస్తా" అంది. "అటక మీద జాడీలు పొద్దున్నే దింపించేశాలే."